జోజమ్మ పళ్ళ సెట్టు

పొద్దుటి షిఫ్టు దిగి క్వార్టర్‌కి వచ్చాక ఎబినేజర్ టీ కూడా తాగడు. ముందు జోజమ్మ పళ్ళ సెట్టు కడగాలి.

కొత్తగూడెం బొగ్గుబాయిలో మొద్దుబారిన చేతులవి. సెట్టును మాత్రం పిట్టపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంటాడు. టబ్బు అడుగున పాత తువ్వాలు పరిచి నీళ్ళు పోస్తాడు, చెయ్యి జారినా పగలకుండా. పేస్టు వాడడు, గీతలు పడతాయని. మెత్తటి బ్రష్షుకు కాస్త సబ్బు రాసి, అంచుల్లో ఇరుక్కున్న మెతుకులు తీస్తాడు. తర్వాత వేలికి తడిగుడ్డ చుట్టుకుని, “నోరు తెరువమ్మా” అంటాడు. జోజమ్మ తెరుస్తుంది. బోసి చిగుళ్ళను మెల్లగా తుడుస్తాడు. ఇక తెల్లారేదాకా సెట్టు చన్నీళ్ళ గిన్నెలో ఉంటుంది.

ఇదంతా ఖమ్మంలో పళ్ళ డాక్టరు నేర్పింది. ఇక పళ్ళు రావని, ఈ సెట్టే దిక్కని చెప్పింది కూడా ఆయనే. దవడ మారేకొద్దీ సెట్టు మార్పిస్తూ ఉండాలన్నాడు.

మొదటి సెట్టు జెస్సికా చేతిలో పాడైంది. శుభ్రంగా ఉండాలని సలసల మరిగే నీళ్ళు పోసింది. అది వంకరపోయింది. ఎబినేజర్ భార్యను ఒక్క మాట అనలేదు. ఆమే ఆ వంకర సెట్టును ఒళ్ళో పెట్టుకుని పొద్దుగూకేదాకా ఏడ్చింది.

జెస్సికా చెడ్డమనిషి కాదు. జోజమ్మకు ఎండ పడదు. ఒళ్ళు పెనంలా కాలిపోతుంది. వేసవంతా తడిగుడ్డలు కప్పుతూ పక్కనే కూర్చున్నది జెస్సికాయే. అన్నం మెత్తగా మెదిపి పెట్టింది. నెత్తిన ఉన్న నాలుగు వెంట్రుకలకూ నూనె రాసి దువ్వింది.

ములకలపల్లిలో ఆమె ఓపిక తెగిపోయింది.

అక్కడ జెస్సికా తమ్ముడి కొత్తింటి ప్రార్థన. భోజనాల్లో జోజమ్మ కోడిముక్క కొరకబోయింది. సెట్టు ఊడి విస్తట్లో పడింది. “ముసల్దాని పళ్ళూడినయ్” అని పిల్లలు పడీపడీ నవ్వారు. పెద్దవాళ్ళు నవ్వలేదు, జెస్సికా వైపు చూశారు. ఇదంతా నీ మూలాన్నే అని ఒకామె మొహం మీదే అనేసింది. జెస్సికాకు ఆ మాట కొత్త కాదు. చర్చిలో విన్నది, దవాఖానాలో విన్నది. ఆ రోజు మాత్రం చేతిలో ముద్ద వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రం బయల్దేరుదామని ఎబినేజర్ పిలిస్తే రాలేదు.

“నాతోని కాదు. ఆ నోరు చూసినప్పుడల్లా పాణం పోతాంది నాకు. మీరు పోండి” అంది తలుపు చాటునుంచి.

జోజమ్మను బండెక్కించుకుని ఎబినేజర్ అడవి దారిన తిరిగొచ్చాడు. దారి పొడుగునా జోజమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే ఉంది.

ఆ తర్వాత అతను ఎన్నిసార్లు ఫోన్ చేసినా జెస్సికా ముక్తసరిగా మాట్లాడి పెట్టేసేది. అతను డ్యూటీలో ఉన్నంతసేపూ పక్క క్వార్టర్ సుజనక్క జోజమ్మను కనిపెట్టుకుని ఉండేది. సాయంత్రం అవుతూనే జోజమ్మ అడిగేది, జెస్సికా ఎప్పుడొస్తుందని. వచ్చే ఆదివారం అనేవాడు. ఏ ఆదివారమో చెప్పేవాడు కాదు.

చివరికి ఒక ఆదివారం ఆమె నిజంగానే వస్తున్నానంది.

ఆ మాట వినగానే జోజమ్మ గిన్నెలోంచి సెట్టు తీసి తానే కడుక్కుంది. కొన్నాళ్ళుగా అది బిగుతైంది. కొత్తది చేయించేదాకా ఎక్కువసేపు పెట్టుకోవద్దని ఎబినేజర్ అన్నా వినలేదు. పొద్దున్నుంచీ గడపలో కూర్చుంది.

జెస్సికా తమ్ముడితో ఆటోలో వచ్చింది. ఖమ్మంలో ఒక నర్సింగ్ హోంలో పని దొరికిందట. బట్టలు, సర్టిఫికెట్లు తీసుకుపోతానంది. జోజమ్మ కళ్ళలోకి చూడకుండా లోపలికి వెళ్ళి బ్యాగు సర్దుకుంది.

తిరిగి వస్తుంటే జోజమ్మ వాకిలికి అడ్డంగా నిలబడింది. చేతిలో జామకాయ ఉంది.

“ఇప్పుడు ఊడయి. చూడు” అంది.

కసుక్కున కొరికింది. నమిలింది. సెట్టు కదల్లేదు. ఇంకో ముక్క కొరికింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా పళ్ళన్నీ కనబడేలా నవ్వింది.

జెస్సికా చేతిలో బ్యాగు జారిపోయింది. జోజమ్మను గట్టిగా కావలించుకుంది. ఎబినేజర్ గుండెలో చిన్న ఆశ మెదిలింది. “ఉండిపో, జెస్సికా” అన్నాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది. “ఉంటే నేను బతకను. నన్ను మాఫ్ చెయ్యి” అంది. ఎవరితో అందో తెలియలేదు. బ్యాగు తీసుకుని, చెంగుతో మొహం కప్పుకుని ఆటో ఎక్కింది. ఆటో సందు మలుపు తిరిగేదాకా జోజమ్మ నవ్వు మొహంతోనే నిలబడింది.

ఎబినేజర్ టబ్బులో నీళ్ళు పోసి వచ్చి, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి సెట్టు బయటికి తీశాడు. అంచంతా నెత్తురు. చిగురు ఒరుసుకుపోయి ఎర్రగా ఉంది.

“ఇంత నొప్పైతాంటే చెప్పొద్దా అమ్మా?”

అతను వేలికి తడిగుడ్డ చుట్టుకుని చిగుళ్ళు అద్దుతుంటే జోజమ్మ వీధి వైపే చూస్తూ కూర్చుంది. తర్వాత అతని చెయ్యి పక్కకు జరిపింది.

“పెద్దగయినంక నాగ్గుడ నిజం పళ్ళొస్తయి గదా డాడీ, అప్పుడొస్తదా మమ్మీ?” అని అడిగింది, చనిపోయిన నానమ్మ పేరు పెట్టుకున్న, పుట్టుజబ్బుతో పళ్ళే మొలవని ఆరేళ్ళ జోజమ్మ.