శుభ్రమైన గొంతు

పోస్ట్‌మాస్టర్ నోరే అంత. పుండు మీద కారం చల్లడం ఆయనకు ఉద్యోగంలో ఉన్నప్పుడే అలవాటు. రిటైరయ్యాక ఆ పని రేడియోలో మొదలుపెట్టాడు.

"పెద్దన్నా, నీ మాట ఒక్క ముక్క అందట్లేదు. చాటలో ఇసుక చెరుగుతున్నట్టుంది. ఊరికే వింటూ కూర్చోరాదూ? ఓవర్."

ఎవరింట్లో వాళ్ళు సెట్టు పెట్టుకుని సరదాగా మాట్లాడుకునే హామ్ రేడియోలో ఆదివారం పొద్దున్నే హాజరు పిలిచేది ఆయనే. ముప్పై ఏళ్ళుగా ఆ హాజరు పలికేవాళ్ళలో అన్నయ్య ఒకడు, అక్కడ అందరికీ పెద్దన్న. గొంతులో కంతి లేచి, ఇప్పుడు మిగిలింది గుసగుస. వచ్చే సోమవారం ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేస్తారు. ఆ ముందురోజు హాజరులో తన నోటితో తానే అందరికీ చెప్పి సెలవు తీసుకోవాలని ఆయన కోరిక.

తమ్ముడికి ఒళ్ళు మండిపోయింది. మోటార్లకు తీగ చుట్టుకుని బతికే మనిషి. చదువు అబ్బలేదు గానీ మొండితనం అబ్బింది.

"వాడి చెవుల తుప్పు వదలగొడతానన్నయ్యా, చూస్తూ ఉండు" అన్నాడు.

మూతపడుతున్న రికార్డింగ్ స్టూడియోలో పాటగాళ్ళ మైకు, దాని వెనక తగిలించే రెండు పెట్టెలు కొన్నాడు. అందుకోసం తన మోటార్ల షెడ్డు పక్కనున్న అరవై గజాల జాగా అమ్మేశాడు.

"ఒక్కమాట చెప్పొద్దూ?" అంది వదిన.

"చెబితే వద్దంటావుగా వదినా."

గురువారం స్టూడియో ఆయనే వచ్చి అన్నీ బిగించాడు. "ఈ పెట్టె గొంతుకు కండ పట్టిస్తుంది. రెండోదాన్ని గేటంటాం. ఫ్యాను హోరు, కుర్చీ కిర్రు, ఇలాంటి చిల్లర చప్పుళ్ళన్నిటినీ వాకిట్లోనే ఆపేస్తుంది. మనిషి మాట్లాడితేనే తలుపు తీస్తుంది."

"డాక్టరు గారి కాంపౌండరులాగన్నమాట" అంది వదిన.

"అంతేనమ్మా. ఏదీ, పెద్దాయన్ని నాలుగు ముక్కలు మాట్లాడమనండి. ఆ గొంతును బట్టి గేటుకు కొలత పెట్టేస్తాను."

అన్నయ్య పలక ఎత్తి చూపించాడు: 'ఆదివారానికి దాచుకున్నాను.' ఉన్న గొంతు మహా అయితే పావుగంటకు సరిపోతుందని డాక్టరు చెప్పినప్పటి నుంచి ఆయన నోరు విప్పడం లేదు. మంచినీళ్ళు కావాలన్నా పలక మీదే.

"నేను మాట్లాడతాలే. ఒక తల్లి బిడ్డలం, మా ఇద్దరిదీ ఒకటే గొంతు!" అంటూ తమ్ముడు మైకు ముందుకు జరిగాడు. మోటార్ల రొదలో బతికినవాడు కదా, కిటికీ అద్దాలు అదిరాయి. "హలో పోస్ట్‌మాస్టరూ! చెవులు కడుక్కుని కూర్చో!"

స్టూడియో ఆయన మీటలు తిప్పి, చెవులకున్న హెడ్‌ఫోన్ తీసి, బొటనవేలు ఎత్తాడు. "అద్దంలా ఉంది."

ఆదివారం రానే వచ్చింది.

"పెద్దన్నా, ఉన్నావా? ఓవర్."

అన్నయ్య స్విచ్చి నొక్కాడు. నొక్కి ఉన్నంతసేపూ అవతలివాళ్ళ మాట ఇటు రాదు. ప్రసారం నడుస్తోందని చూపే సూది రేడియో మీద నిటారుగా నిలబడింది. దాన్ని చూసి తమ్ముడు మీసం దువ్వుకున్నాడు.

"గడియారాల బావా" అని గుసగుసగా మొదలుపెట్టాడు అన్నయ్య. "నీ సోల్డరింగ్ ఐరన్ పదేళ్ళుగా నా దగ్గరే ఉంది. దొంగని నేనే. వచ్చి పట్టుకుపో." వదిన కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. ఒక్కొక్కరినీ పేరుపేరునా పిలిచి, ఎవరి బాకీ మాట వాళ్ళకు అప్పజెప్పాడు. చివరికి ఆగి, ఊపిరి కూడదీసుకున్నాడు.

"పోస్ట్‌మాస్టరూ, నీ నోరు చేదే. కానీ నా కొడుకు పోయినప్పుడు నెల రోజులు పొద్దున్నే నన్ను పిలిచి, 'లేచావా' అని అడిగింది నువ్వొక్కడివే. ఆ పిలుపు కోసమే లేచేవాణ్ణిరా. ఇన్నేళ్ళలో ఈ మాట నీకు చెప్పలేకపోయాను."

తమ్ముడు తల దించుకున్నాడు. అన్నయ్య ఇలా ఎవరితోనూ మాట్లాడగా వినలేదు.

"ఉంటానర్రా..." అన్నాడు. ఆ మాట చివర గొంతు తెగిపోయింది. ఇంకోసారి ప్రయత్నించాడు. పెదాలు కదిలాయి, గాలి మాత్రమే వచ్చింది. పావుగంట వస్తుందనుకున్న గొంతు అంతకు ముందే అయిపోయింది. అయినా ఆయన ముఖం తేటపడింది. పలక మీద 'అందరూ విన్నారు. ఇక చాలు' అని రాసి, స్విచ్చి మీద నుంచి వేలు తీశాడు.

 వెంటనే పోస్ట్‌మాస్టర్ గొంతు వచ్చింది, ఎన్నడూ లేనంత మెత్తగా.

"పెద్దన్నా, మీ తమ్ముడు ఊరంతా చాటి తెచ్చిన సరుకు భేషుగ్గా ఉందయ్యా. ఆ ఇసుక చప్పుడు బొత్తిగా పోయింది. మరి పదకొండు నిమిషాల నుంచి స్విచ్చి నొక్కిపెట్టి ఊరుకున్నావేం? నీ మాట కోసమే అందరం కాచుక్కూర్చున్నాం, మొదలుపెట్టు. ఓవర్."