పలకరిస్తే పలకని మనిషి

దొంగ మళ్ళీ వచ్చి వెళ్ళాడు. అడవి బాట మొదట్లో మేకులకు వేలాడే నారింజ రంగు కోట్లలో ఇంకొకటి మాయమైంది. అదీ అన్నిటికన్నా పెద్ద సైజుది.

నడకవాళ్ళకి వేటగాళ్ళ మీద అనుమానం, వేటగాళ్ళకి నడకవాళ్ళ మీద అనుమానం. అమెరికాలోని ఈ వెర్మాంట్ కొండల్లో నవంబరు వచ్చిందంటే ఈ రెండు జాతులూ ఒకే అడవిలో తిరగాలి మరి. ఒకరు గాలి పీల్చుకోవడానికి, ఒకరు కొమ్ముల దుప్పిని కొట్టడానికి. కిందటేడు తిట్టుకుని మాటలు మానేసుకున్నారు. ఈ ఏడు ఓరెన్ థేయర్ ఒక ఉపాయం చెప్పాడు. బాట మొదట్లో చేతుల్లేని నారింజ కోట్లు తగిలిద్దాం, లోపలికి వెళ్ళే నడకవాళ్ళు తలా ఒకటి తొడుక్కుని, తిరిగొచ్చేటప్పుడు అక్కడే తగిలించాలి అన్నాడు. నారింజ రంగు కనిపిస్తే ఏ వేటగాడూ తుపాకీ ఎత్తకూడదు, అది ఏ ఆకారంలో ఉన్నా సరే అన్నాడు. ఆ చివరి ముక్క రెండుసార్లు చెప్పాడు. ఎంత మంచి మనసని నడకవాళ్ళు మురిసిపోయారు.

ఓరెన్ అరవయ్యేళ్ళ బ్రహ్మచారి, ఊరి వేటగాళ్ళకి పెద్ద. పెద్దరికమే గాని మూడేళ్ళుగా ఇంటికి ఒక్క దుప్పినీ తేలేదు. అతను గురి చూస్తే దుప్పులు నవ్వలేక చావాలి గాని గుండు తగిలి చావవని ఊళ్ళో వెక్కిరిస్తారు. అతను కూడా వాళ్ళతో కలిసి నవ్వేస్తాడు.

ఇప్పుడు మాత్రం ఎవరికీ నవ్వు రావడం లేదు. ఆ అడవి హెస్టర్ అవ్వది. తాతల నాటి నుంచీ ఆ ఇంటివాళ్ళు ఎవర్నీ రావద్దనలేదు. రోజూ వచ్చి పడే చాడీలతో ఆవిడకి విసుగెత్తి, రెండు వర్గాలనీ పిలిచి కూర్చోబెట్టింది.

"ఆదివారం చర్చి గంట కొట్టేలోగా దొంగని నా ముందు నిలబెట్టండి. నిలబెడితే అడవి ఎప్పట్లాగే తెరిచి ఉంటుంది. లేదంటే చెట్టు చెట్టుకీ బోర్డు కొట్టేస్తా. వేటా లేదు, నడకా లేదు" అంది.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అందరూ తమ తమ నారింజ భుజాలు చూసుకున్నారు. ఓరెన్ మొహం పాలిపోయింది. పాపం, ఆ అడవి తప్ప అతనికి ఇంకేముంది?

అప్పుడు మెర్ల్ అనే వేటగాడు ఆధారం బయటపెట్టాడు. నారింజ కోటు వేసుకున్న ఒక భారీ మనిషి బాట వదిలేసి పొదల వెనక తచ్చాడుతున్నాడట. పొగమంచులో వీపు మాత్రమే కనబడిందట. మెర్ల్ మర్యాదగా తుపాకీ దించి, చెయ్యి ఊపి పలకరిస్తే పలకలేదట. ఇంకోరోజు బాట ఇటుందని చెబితే, వినీ విననట్టు అటే తిరిగి పోయాడట. మరో ఇద్దరు వేటగాళ్ళకీ అదే అవమానం జరిగిందని తేలింది. పలకరిస్తే పలకనివాడు ఈ ఊరివాడు కాడని, కచ్చితంగా బోస్టన్ పట్నం నుంచి దిగిన బాపతేనని అందరూ తీర్మానించారు.

ఆదివారం తెల్లవారగానే ఓరెన్, నడకవాళ్ళ నాయకురాలు రోవీనా కలిసి అతని ట్రక్కులో కాపు కాశారు. చిన్నప్పుడు ఒకే బడిలో చదువుకున్నవాళ్ళు. రోవీనా ఫ్లాస్కు నిండా కాఫీ, సంచీ నిండా ఆపిల్ రసంతో చేసిన డోనట్లు తెచ్చింది. ఓరెన్ ఒకటి తిని, ఒకటి జేబులో వేసుకున్నాడు.

"ఈ ఊళ్ళో దొంగతనం దాగుతుందా ఓరెన్?" అంది రోవీనా. "మూడేళ్ళ కిందట నువ్వు కొట్లో పసిపిల్లల పాలసీసా కొంటే, సాయంత్రానికల్లా ఊరంతా నీకు పెళ్ళి చేసేసింది."

"అది గొర్రెపిల్లకని చెప్పాగా."

"ఆ గొర్రెపిల్లని ఇంతవరకూ చూసినవాళ్ళు లేరు మరి."

ఓరెన్ శుభ్రంగా ఉన్న అద్దాన్నే మళ్ళీ తుడవసాగాడు.

బోస్టన్ మనిషి జాడ లేదు. హెస్టర్ అవ్వ మాత్రం బోర్డులు, సుత్తి పట్టుకుని దిగింది. వెనకే మెర్ల్, ఇంకో నలుగురు. చర్చి గంటకి ఎంతోసేపు లేదు. అవ్వ మొదటి బోర్డుని మేపుల్ చెట్టుకి ఆనించి మేకు పెట్టింది. ఓరెన్ ట్రక్కు దిగి పరుగెత్తాడు.

"ఆగవ్వా. కోట్లు తీసింది నేనే."

సుత్తి గాల్లోనే ఆగిపోయింది. రోవీనా చేతిలో కాఫీ ఒలికింది.

"ముళ్ళకి చిరిగిపోతున్నాయవ్వా, అందుకే అన్ని కావలసొచ్చాయి" అన్నాడు ఓరెన్, తల వంచుకుని. "కొట్లో కొందామంటే ఎవరికి, ఎందుకని ఊరంతా ఆరా తీస్తుంది."

"ఇంతకీ ఎవరికయ్యా?" అంది అవ్వ.

ఓరెన్ అందరి తుపాకులూ ట్రక్కులో పెట్టించాడు. ఎవరూ గట్టిగా మాట్లాడొద్దని బతిమాలాడు. తర్వాత రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేశాడు.

పొదల్లో నారింజ రంగు కదిలింది.

"అడుగో, వాడే" అన్నాడు మెర్ల్ పళ్ళు కొరుకుతూ. "ఇవాళైనా పలకరిస్తాడేమో చూద్దాం."

కోటుకి చేతులుండాల్సిన చోట ముందుకాళ్ళు దూర్చుకుని, కొమ్ములు ఊపుకుంటూ పొదలు దాటి వచ్చిన ఆ బోస్టన్ పెద్దమనిషి, ఎవరివంకా చూడకుండా తిన్నగా ఓరెన్ దగ్గరికి నడిచి, పాలసీసా నాటి చనువుతో అతని జేబులో మూతి పెట్టి డోనట్ వెతుక్కుంది.