గ్యారేజీ తలుపు దగ్గర ముసలాయన

గ్యారేజీకి తాళం వేసి పది అడుగులు వేసిందో లేదో, కళ్ళజోడు మర్చిపోయిన సంగతి గుర్తొచ్చి నేవియా వెనక్కి తిరిగింది.

ఎవరో ముసలాయన ఆమె గ్యారేజీ తలుపు సందుకి ముక్కు ఆనించి వాసన చూస్తున్నాడు.

"ఏం కావాలి?" అంది.

"ఏమీ వద్దమ్మాయ్. నువ్వెళ్ళి భోంచెయ్. నేనుంటాను."

అంటూనే బోర్లించిన చేపల పెట్టె మీద తాపీగా చతికిలబడ్డాడు. నేవియాకి ఒళ్ళు మండింది. తన గ్యారేజీ ముందు ఉండడానికి ఈయనెవరు?

షిప్‌యార్డు మూతపడ్డాక ఆ రేవు ఊళ్ళో ఊరికే తిరిగే మగాళ్ళకి కొదవలేదు. ఈయనా అలాంటి బాపతే అనుకుంది. పేరు కూడా అడగలేదు.

నేవియా బడిలో వంటమనిషి. నాన్న పోయి ఏడాదైంది. ఆయన మిగిల్చింది ఈ గ్యారేజీ, అందులో తుప్పు తినేసిన బుల్లి కారు. ఆ రకం బండిని అక్కడ అందరూ ఫిచో అంటారు. ఆమె పుట్టినప్పుడు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చింది అందులోనే.

అన్న లివియోకి గ్యారేజీ అమ్మెయ్యాలని తొందర. ఆగస్టు మధ్యలో మరియమాత పండుగ లోపల బండి సర్కారు తనిఖీ నెగ్గితే సరే, లేదంటే పాత ఇనుముకి పోతుందని గడువు పెట్టాడు.

మెకానిక్కులంతా చేతులెత్తేశారు. అందుకని యాభయ్యో ఏట తనే వెల్డింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టింది. తీరిక దొరికేది శనివారాలు మాత్రమే.

పక్క గ్యారేజీ కొరాడో తన మిషన్ అరువిచ్చాడు. దాంతో పాటు వెటకారమూ ఇచ్చాడు.

పాత రేకు పల్చన. కాస్త ఎక్కువసేపు నిప్పు పెడితే కరిగి కారిపోయేది. ఒక చిల్లు పూడ్చబోతే రెండు పడేవి. కొరాడో వచ్చి చూసి, బడికి జల్లెడ చేస్తున్నావా అని అడిగాడు. లివియో ఫోన్ చేసినప్పుడల్లా ఇనుము కొనేవాణ్ణి పిలవమంటావా అనేవాడు. ఎవరేమన్నా ఎత్తిపొడుపుగానే వినిపించే స్థితికొచ్చింది నేవియా.

ముసలాయన మాత్రం ఏమీ అనడు. ఆమెకి అదే ఇంకా మంట.

ప్రతి శనివారం మధ్యాహ్నం ఆమె వెల్డింగ్ ముసుగు తీసి తాళం వెయ్యగానే ఎక్కడినుంచో ఊడిపడేవాడు. తలుపు మీద అరచెయ్యి ఆనించేవాడు. వాసన చూసేవాడు. కూర్చునేవాడు. ఆమె ఇంట్లో బీన్స్ పులుసు తాగి వచ్చేసరికి లేచి, మాటైనా చెప్పకుండా వెళ్ళిపోయేవాడు.

ఒకరోజు కొరాడో గ్రైండర్ కనిపించలేదు. ఇంకేం, దొంగ ఎవరో నేవియాకి తెలిసిపోయింది. గ్యారేజీల వాళ్ళందరి చేతా సంతకాలు పెట్టించి, వరస మొత్తానికి ఇనప గేటు, దానికో పెద్ద తాళం వేయించింది.

శనివారం ఆయన వచ్చేసరికి గేటు దగ్గర ఆమే నిలబడింది.

"ఈ గేటు దాటావంటే పోలీసుల్ని పిలుస్తాను. తలుపులు వాసన చూసే బుద్ధి నీ ఇంట్లో చూపించుకో."

ఆయన కోప్పడలేదు. తప్పు తనదే అన్నట్టు టోపీ తీశాడు.

"సరే అమ్మాయ్. అయితే పనయ్యాక నువ్వే ఓ అరగంట కూర్చో."

"నీలాగ పనీపాటా లేనిదాన్ననుకున్నావా?"

గ్రైండర్ మూడోనాడు కొరాడో కారు డిక్కీలోనే దొరికింది. ఆ ముక్క అతను ఎవరికీ చెప్పలేదు.

పై శనివారం వెనక చక్రం పైన ఆఖరి అతుకు. నేవియా ఊపిరి బిగపట్టి చిన్న చిన్న టాకాలు వేసుకుంటూ పోయింది. రేకు కరగలేదు. చిల్లు పడలేదు. ముసుగు తీసి చూస్తే అతుకు నున్నగా, మెకానిక్ వేసినట్టే ఉంది. ఒంటరిగా ఉండి కూడా పైకే నవ్వేసింది. పండుగ రోజు నిన్ను చర్చికి ఇందులోనే దింపుతానని లివియోకి ఫోన్ చేసి చెప్పింది. గ్యారేజీకి తాళం, గేటుకి తాళం వేసి భోజనానికి వెళ్ళింది.

పులుసు సగం తాగేసరికి సైరన్ వినబడింది.

ఆమె పరుగెత్తుకుంటూ వచ్చేసరికి అగ్నిమాపక దళం వాళ్ళు గేటు తాళం కోసి లోపలికి వెళ్ళారు. ఫిచో ఎముకల గూడులా మిగిలింది. గేటు పక్కనే ముసలాయన నిలబడి ఉన్నాడు. అరచేతుల్లోంచి నెత్తురు కారుతోంది.

"వీడే. పగబట్టి తగలబెట్టాడు" అంది నేవియా, అందరికీ వినబడేలా.

కొరాడో అవునన్నాడు. అప్పుడే వచ్చిన లివియో ఆయన చొక్కా పట్టుకుని గోడకేసి నెట్టాడు. ఆయన చొక్కా విడిపించుకుని, వీధి చివరికంటా వెనక్కి చూడకుండా నడిచి వెళ్ళిపోయాడు.

దళం నాయకుడు మసి మొహంతో బయటికొచ్చాడు. చేతిలో కాలిన కంబళి ముక్క. బండి చప్పుడు చెయ్యకుండా నేవియా నాన్న ఎప్పుడో రేకు వెనక కుక్కినది. వెల్డింగ్ వేడికి లోపల రాజుకుని, ఆమె వెళ్ళిన పావుగంటకి అంటుకుందని చెప్పాడు.

"మమ్మల్ని పిలిపించింది ఆయనేనమ్మా. అరుస్తూ ఈ గేటు ఊపీ ఊపీ చేతులు చీరుకుపోయాయి. లోపలుంటే తలుపు పగలగొట్టి ఒక్క బకెట్ నీళ్ళతో ఆర్పేసేవాడు."

నేవియా వీధి చివరికేసి చూస్తూ అడిగింది.

"ఎవరాయన?"

"జ్వానే. షిప్‌యార్డులో వెల్డర్లు ముసుగు తీసి భోజనాలకి వెళ్తే, వాళ్ళు వదిలిన ఇనుము చల్లారేదాకా పక్కన కాపలా కూర్చోవడమే ఆయన ఉద్యోగం. ముప్పై నాలుగేళ్ళలో ఆయన కూర్చున్న చోట ఒక్క ఓడా కాలలేదు."