పేరు లేని చదివింపు

"పెట్టె తాళం తియ్యండమ్మా" అన్నాడు కస్టమ్స్ అధికారి.

"తీస్తా నాయనా, తాళంచెవి ఎక్కడ పెట్టానో గుర్తు రానీ" అంటూ పెద్దావిడ చేతిసంచీ అంతా గాలించింది. "పరాయి దేశంలో మన మాట మాట్లాడేవాడివి దొరికావు, నా అదృష్టం. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు గానీ, పెళ్లిసామాను విమానం ఎక్కించి చూడు అని ఒక్కరూ చెప్పి చావలేదు! కళ్లజోడు కూడా పెట్టెలోనే పడేశాను. నీ జేబు మీద మెరిసేది పేరో పతకమో కూడా కనపడి చావదు."

"పేరేనమ్మా."

పేరైతే ఉంది గానీ ఆ విమానాశ్రయంలో దాంతో పిలిచేవాళ్లు లేరు. తోటివాళ్లు చాటుగా ఆయన్ని రూళ్లకర్ర అంటారు. సొంత తమ్ముడొచ్చినా పెట్టె విప్పించే రకం. ఇరవై మూడేళ్లుగా ఆ బల్ల దగ్గర ఊరందరి పెట్టెలూ విప్పాడు. ఆయన కోసం పెట్టె సర్దుకుని వచ్చిన మనిషి ఒక్కరూ లేరు. మధ్యాహ్నం కిటికీ పక్కన ఒక్కడే కూర్చుని డబ్బాలో అన్నం తింటాడు. తోటివాళ్ల ఇళ్లలో పెళ్లిళ్లయితే మర్నాడు మిఠాయి వస్తుంది, పిలుపు రాదు. రూల్సు మాట్లాడేవాణ్ణి విందుకెవరు పిలుస్తారు? అలవాటైపోయిందని తనకి తనే చెప్పుకుంటాడు. అది అబద్ధమని ఆయనకీ తెలుసు.

తాళంచెవి దొరికింది. పట్టుచీరలు, గాజులపెట్టె, అడుగున ఎర్రగుడ్డలో చుట్టిన బంగారు హారం. దాన్ని తూకం వేశాడు.

"ఇది పరిమితి దాటిందమ్మా. సుంకం కట్టాలి."

"నా దగ్గరేముంది కట్టడానికి? నేను పెళ్లికొడుకు మేనత్తని. ఇది పెళ్లికూతురికి మేం పెడుతున్న నగ. మావాళ్లంతా నిన్ననే వచ్చేసి, మోకాలినొప్పితో వెనకబడ్డ నాకు ఈ పెట్టె అంటగట్టారు. రేపు పొద్దున్నే ముహూర్తం. ఇది నీ దగ్గరే ఉండిపోతే వియ్యాలవారి ముందు మొహం ఎక్కడ పెట్టుకోను?"

"కట్టకపోతే ఇక్కడే ఉంచాలి. రూలు రూలే."

ఎడమచేత్తో కాగితం నింపడం మొదలుపెట్టాడు.

"ఓహో, పుర్రచెయ్యివాడివా! అందుకే ఇంత మొండి. మా పెళ్లికూతురూ అంతే. ఇన్ని ఊళ్లుండగా పెళ్లి ఈ ఊళ్లోనే అని భీష్మించుకు కూర్చుంది. సముద్రం ఉందని కాబోలు."

"పెళ్లికే అనడానికి రుజువుందా?"

"రుజువు కావాలా? ఇదిగో శుభలేఖ!"

చదివాడు. మళ్లీ చదివాడు. ఆవిడ వెనక వరస పెరుగుతోంది.

"అంతసేపు చూస్తావేం నాయనా, అచ్చుతప్పులేమైనా ఉన్నాయా?"

"ఒకటుందమ్మా."

"అయ్యయ్యో, ఎక్కడ?"

"వదిలెయ్యండి. ఇప్పుడు దిద్దలేం." శుభలేఖ ఆవిడకి తిరిగిచ్చాడు. "మిగతావీ చూడాలి."

వరసని పక్క బల్లకి పంపించి ఆవిడకి కుర్చీ వేయించాడు. గాజులపెట్టె తెరిచి ఒక గాజు తీసి అటూ ఇటూ తిప్పాడు. ఆవిడ ముందుకి వంగి గొంతు తగ్గించింది.

"చూడు నాయనా, చెయ్యి తడపాలంటే ఆ మాట చెప్పు. నాన్చకు."

"ఏం వద్దమ్మా. గాజులు ఇంత చిన్నవేంటి?"

"పిల్ల చేతులు సన్నం. నాలుగో ఏట తండ్రి పోయాడట పాపం. తల్లే పెంచింది. రేపు పిల్లని అప్పగించేది కూడా మేనమామే."

ఆయన గాజుని జాగ్రత్తగా దాని చోట్లో పెట్టాడు. పక్కనే కళ్లజోడు కనిపించింది. ఇవ్వబోయి ఆగాడు. జేబు మీది పేరుబిళ్ల ఊడదీసి లోపల వేసుకుని, అప్పుడిచ్చాడు.

ఆవిడ కళ్లజోడు తగిలించుకుని ఎగాదిగా చూసింది. "ఏదీ నీ పేరు? ఇందాక మెరిసిందిగా!"

"పిన్ను వదులైందమ్మా."

"పేరు దాచావంటే ఎంతో అడగబోతున్నావన్నమాట."

ఆయన తన పర్సులోంచి బ్యాంకు కార్డు తీసి గీశాడు. పక్క బల్లవాళ్లు నోళ్లు వెళ్లబెట్టారు. రసీదు ఆవిడ చేతికిచ్చి, హారం ఎర్రగుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టాడు.

"ఇదేం చోద్యం! నువ్వెందుకు కట్టావు?"

"చదివింపులనుకోండి."

"చదివింపులంటే పదిమందిలో పేరు చెప్పి చదవాలయ్యా. ఎవరని చెప్పను?"

"పేరు వద్దు. పిల్ల చల్లగా ఉండాలని ఒకాయన అన్నాడని చెప్పండి, చాలు."

ఆవిడ కళ్లు చెమ్మగిల్లాయి. "అనవసరంగా నోరు పారేసుకున్నాను. నువ్వే పెళ్లికి రా నాయనా. పిల్లకి నీ చేత్తోనే నాలుగు అక్షింతలు వేద్దువుగాని. ఇదే పిలుపనుకో" అంటూ శుభలేఖ ఆయన చేతిలో పెట్టింది.

ఇన్నేళ్లలో ఆయన్ని పెళ్లికి పిలిచిన మొదటి మనిషి ఆవిడ.

"రేపు డ్యూటీ ఉందమ్మా" అన్నాడు. నిజానికి రేపు ఆయనకి సెలవు.

ఆవిడ పెట్టె లాక్కుంటూ తలుపు దాటింది. అవతల ఎవరో ఆడపిల్ల నవ్వు వినిపించింది. అటు రెండడుగులు వేసి ఆగిపోయాడు. తలుపు మూసుకుంది.

బల్ల దగ్గరికొచ్చి కూర్చుని, పేరుబిళ్ల తీసి మళ్లీ జేబుకి తగిలించుకున్నాడు.

శుభలేఖలో ఆ పేరుకి ముందు 'కీర్తిశేషులు' అని ఉంది.