ఈత అడిగినోడు

ఈశ్వరప్ప కూతురు నాగవేణి బావిలో పడింది.

ఆరేండ్ల పిల్ల. పుట్టినప్పటి నుంచి బావిలో నీళ్లు చూసి ఎరగదు. పావగడ సీమంతా కరువే గదా. రాత్రి కురిసిన వానకు వంక పొంగి తోట బావి నిండిందని ఎవురో అంటే, చూసొస్తానని పరిగెత్తింది.

ఊరంతా చేన్ల కాడ ఉండాది. పీకి ఆరేసిన శెనక్కాయ చెట్లు తడిసిపోతే, వాటిని తిరగేసుకుంటా, అదను తప్పి వచ్చిన ఆ వానను తిట్టుకుంటా ఉన్నారు. కేక ఇని అందురూ బావికాడికి ఉరికినారు.

ఉరికి ఏం చేసినారు? గట్టు మీద నిలబడినారు.

ఇంతింత మీసాలోళ్లు, ఒక్కనికీ ఈదను రాదు. బావులెండి ఎన్నేండ్లో ఆయ. ఈత తెలిసిన ముసలోళ్లు మంచాన పడినారు, పడుచోళ్లు నేర్చనే లేదు. రాదని ఒప్పుకొనేదానికి గూడా సిగ్గే.

బావి మెట్లు ఎప్పుడో కూలిపోయినాయి. ఎద్దుల పగ్గాలు ముడేసి లోపలికి ఇడిచినారు. ఆ పిల్లకు పట్టుకునే తెలివి యాడిది? తల తేలింది, మునిగింది, మళ్లా తేలింది. తల్లి హొన్నమ్మ ఎవురన్నా దూకండప్పా, మీ కాళ్లు మొక్కుతానని బురదలో పడి పొర్లింది.

అప్పుడొచ్చినాడు ఎర్రప్ప.

ఆ ఊరోడు గాదు. వాళ్లక్క మారక్క క్యాతగానచెర్లు నుంచి శెనక్కాయ కూలికొచ్చి, తమ్మున్ని గూడా వెంట తెచ్చుకుంది. ముప్పై దాటిన మనిషి. తలుపంత వెడల్పు భుజాలు. బుద్ధి మాత్రం చిన్నపిల్లోనిది, మాటలు గూడా తక్కువ. వచ్చినప్పటి నుంచి ఊరికి వాడొక ఆట. బరువు మూటలన్నీ వానితోనే మోపిస్తారు, వెనక నుంచి టవలు లాగి నవ్వుతారు. అక్క ఆ పొద్దు పావగడ ఆస్పత్రికి పోయుండాది.

ఎర్రప్ప చొక్కా విప్పి, మడిచి గట్టు మీద పెట్టినాడు. బావి అంచుకు పోయినాడు. కాలివేళ్లతో రాతి అంచును కరిచి పట్టుకోని, నడుము వంచి నిలబడినాడు. పక్కనే ఉన్న దాసప్ప మొగం చూసినాడు.

"అన్నా, ఈత. నాకు ఈత."

దాసప్పది ఈత చెట్లు గీసి కల్లు అమ్మే పని. సాయంత్రమైతే కూలోళ్లు వాని గుడిసె కాడికొచ్చి "అన్నా, ఈత" అనే అడుగుతారు. ఆ పక్క ఈతకల్లు అడిగేటోళ్లు ఉత్త ఈత అనే అంటారు.

"బిడ్డ సస్తాంటే నీకిప్పుడు ఈత కావల్నా?" అని దాసప్ప వాని చెంప మీద ఒకటి పీకినాడు.

ఎర్రప్ప చెంప తడుముకున్నాడు. మళ్లా అంచుకే పోయి, మళ్లా వంగినాడు.

"ఈత అన్నా. చెప్పన్నా."

తాగుబోతు నాయాలు యాడ దొరికినాడని ఇంకా ఇద్దరు చెయ్యి చేసుకున్నారు. నీళ్లలో బిడ్డను తీయను చేతగాని చేతులు, ఈన్ని కొట్టనైతే బాగానే లేచినాయి. రెక్కలిరిచి పట్టుకోని మోటరు రూములోకి తోసి గడి పెట్టినారు. లోపల నుంచి తలుపు బాదుతా "ఈత, ఈత" అని అరుస్తానే ఉన్నాడు. ఇన్నోడు లేడు.

నాగవేణి మళ్లా తేలలేదు.

పక్కూరి నుంచి మనిషిని పిలిపించి, వాడు దిగి పిల్లను పైకి తెచ్చేసరికి పొద్దు వాలింది. పానం ఎప్పుడో పోయింది.

మారక్క బస్సు దిగొచ్చి మోటరు రూము గడి తీసేసరికి తమ్ముని మొగం వాచిపోయి ఉండాది. ఎవురు కొట్టినారని అడిగింది. దాసప్పే చెప్పినాడు, అదీ సిగ్గు లేకుండా. బిడ్డ మునుగుతాంటే ఈత అన్నా, చెప్పన్నా అని అడిగినాడు, కొట్టక ముద్దు పెట్టుకుంటారా అన్నాడు.

మారక్క దాసప్ప తట్టు తిరిగింది.

"కల్లు గాదప్పా వాడు అడిగింది. ఈదుతానని చెప్పినాడు."

బుద్ధి ఎదగని పిల్లల బడి ఒకటి బెంగళూరులో ఉంటే చిన్నప్పుడే ఆడ ఇడిచినామని చెప్పింది. ఆడ ఈత నేర్పినారంట. మైసూరు, మద్రాసు, యాడ పందెమైనా వీడే ముందంట. ఢిల్లీలో బంగారు బిళ్ల మెడలో వేసినారంట. వయసు మీరిందని బడోళ్లు ఇంటికి పంపించినారు, ఈ సీమలో ఈదను నీళ్లు యాడుండాయి, చెప్తే నవ్వుతారని ఎవురికీ చెప్పుకోలేదు అనింది.

కొట్టినోళ్లు ఒక్కొక్కరే ఎనక్కి జరిగినారు.

ఈశ్వరప్ప మాత్రం బిడ్డ పక్క నుంచి లేచినాడు. చేతికందిన కట్టె తీసుకోని ఎర్రప్ప మీదికి వచ్చినాడు.

"అంత ఈతగాడు నా బిడ్డ మునుగుతాంటే గట్టు మీద వంగి చూసినాడా? ఎందుకు దూకలేదు?"

మారక్క అడ్డమొచ్చి నిలబడింది. మొట్టమొదటి పందెంలో వేరేవాళ్లకు ఊదిన విజిలుకు దూకినాడని తమ్మున్ని ఆట నుంచి తీసేసినారని, అన్నం తినకుండా ఏడ్చినాడని చెప్పింది. మళ్లా అట్ల కాకూడదని వాళ్ల సారు వానికి ఒకటే ఒకటి నేర్పినాడంట. అది ఏనాడూ తప్పలేదంట.

"పేరు పెట్టి పిలిచి దూకు అంటే గానీ దూకడప్పా వాడు," అనింది మారక్క. "చెప్పమని మిమ్మల్ని అడిగినాడు గదా, ఒక్కరన్నా చెప్పినారా?"