తేలిన గుడ్డు

"కొత్త గుడ్లు పాతవాటి మీద పెట్టొద్దని ఎన్నితూర్లు చెప్పాల శోభా? అడుగువి మురిగిపోతాండాయి!"

"నిన్న గంప సర్దింది మీరే కదత్తా!"

"నేనా? అబద్ధానికి ముందుంటావు."

అత్త నాగరత్నమ్మకు ఎదురు చెప్పకుండా ఊరుకునే రకం కాదు శోభారాణి. ఆ పొద్దు మాత్రం గంప పక్కకు జరిపి చీపురందుకుంది. అబద్ధమనే మాట వింటేనే భయమేస్తోంది.

మూడు రోజుల కిందట ఆడబిడ్డ అరుణ నిశ్చితార్థం ఆగిపోయింది. పిల్లకు పదహారేళ్లు. హిందూపురం వాళ్లు తాంబూలాలు అందుకోబోతుండగా అధికారులు జీపు దిగి, పద్దెనిమిదేళ్లు నిండకుండా పెళ్లి చేయబోమని రాయించుకుని పోయారు. ఎవరో పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశారట. ఇంట్లోవాళ్ల పనేనని మామ చెన్నప్ప పట్టుబట్టాడు.

ఆ నంబరు శోభారాణికి తన ఫోన్లోనే కనబడింది. తను చేయలేదు. అరుణే చేసి ఉంటుందనుకుని గప్‌చుప్‌గా తుడిచేసింది. ఇప్పుడు చెబితే పిల్ల వీపు చీరేస్తారు.

"బక్కెట్టు నీళ్లు తేండి," చెన్నప్ప వసారాలోంచి కేకేశాడు. "మా తాత పెట్టిన పరీక్షే. గుడ్డు చేత పట్టుకోని 'నేను చేయలా' అని నీళ్లలో ఇడవాల. నిజమైతే మునుగుతాది. తేలిందా, ఆ మనిషి ఈ ఇంట్లో ఉండేదానికి లేదు."

"మామా, గుడ్డు పాతబడితే లోపల తడి ఆరి గాలి చేరుతాది. సైజు అంతే ఉంటాది, బరువు తగ్గుతాది. నీళ్లకన్నా తేలికైతే తేలుతాది. దానికీ అబద్ధానికీ..."

"బియస్సీ చదివిందిలే! భయమున్నోళ్లే ఇన్ని మాటలు చెప్పేది."

భర్త మోహన్ ఆమె వైపు అదోలా చూశాడు. కదిరిలో పుట్టింటి గడప ముందు సంచితో నిలబడినట్టు అనిపించింది శోభారాణికి.

మోహన్ గుడ్డు మునిగింది. అరుణ కళ్లు మూసుకుని వదిలింది. అదీ మునిగి అడుగున అడ్డంగా పడుకుంది.

గంపలో రెండే మిగిలాయి. శోభారాణి ఒకటి తీసింది. తేలిగ్గా ఉంది. కాస్త ఊపితే లోపల కదిలింది. మార్చుకుందామంటే మామ కన్నార్పకుండా చూస్తున్నాడు.

"పెద్దదాన్ని నేనుండంగా నీకేం తొందర? ఇట్లా తే," అంటూ నాగరత్నమ్మ ఆ గుడ్డు లాక్కుంది. "నేను చేయలా," అని నీళ్లలో వదిలింది.

తేలింది.

శోభారాణి గబగబా మిగిలిన గుడ్డు వేసింది. మునిగింది. అప్పుడు మోహన్ ఫక్కున నవ్వాడు.

"ఏం నాయనా, అమ్మను యాడికి పంపుతావు?"

శోభారాణి తేలిన గుడ్డు తీసి పళ్లెంలో పగలగొట్టింది. కంపుకు చెన్నప్పే ముందు ముక్కు మూసుకున్నాడు.

మధ్యాహ్నం అందరూ రాగిముద్దల ముందు కూర్చున్నారు. చెన్నప్ప ఒక ముద్ద మింగి గొంతు సవరించుకున్నాడు.

"కోడలు చెప్పిందే నిజం. మురిగిన గుడ్డు తేలుతాది, అంతే. ఇంగ ఇంట్లో ఎవురినీ అనుమానించను. ఆఫీసర్లకు రాసిచ్చిన మాట మీదే ఉంటా. అరుణ పెనుకొండ కాలేజీకి పోనీ. పద్దెనిమిది దాటేదాకా ఈ ఇంట్లో పెండ్లి మాట లేదు."

అరుణ తల వంచుకుని ఏడ్చింది. నాగరత్నమ్మ కోడలి పళ్లెంలో పప్పు వడ్డిస్తూ చెవి దగ్గరికి వంగింది.

"నీ ఫోన్లోంచి చేసింది నేనే."