బోల్టు భద్రం

తెర మీద ఎర్ర చుక్క వెలిగింది.

వంతెన ప్రారంభోత్సవం. ఒడ్డున వేసిన వేదిక మీద చీఫ్ ఇంజినీరు మంచి ఊపు మీదున్నాడు. "బోల్టు కాస్త వదులైతే చాలు, సెన్సరు పసిగట్టేస్తుంది. ఈ తెర మీద ఎర్ర చుక్క పెడుతుంది. ఇంక మనకి బెంగే..."

"సార్," అంది సెన్సర్లు తయారుచేసిన అమ్మాయి, ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండానే. "నిజంగానే ఒకటి వదులైంది."

కాంట్రాక్టరు వైపు కొరకొరా చూశాడు చీఫ్. కాంట్రాక్టరు పరాయివాడేం కాదు, స్వయానా బావమరిది. వంతెన కట్టడం దగ్గర్నుంచి ఈ వేదిక వెయ్యడం దాకా పనులన్నీ అతనివే.

"నీ మీదొట్టు బావా! వంతెన ఉక్కుముక్క."

"నోర్ముయ్!"

వంతెన నిండా జనం. పిల్లల్ని ఎత్తుకుని ఫొటోలు దిగుతున్నారు. వాళ్ల మధ్య చీఫ్ భార్య కూడా ఉంది. ఆయనకి పై ప్రాణాలు పైనే పోయాయి.

"అందరూ దిగి వచ్చెయ్యండి!" మైకులో అరిచాడు. "కిందంతా బురద. ఇలా వేదిక మీదికి రండి!"

జనం పరుగున వచ్చి ఎక్కారు. ఇంకో చుక్క వెలిగింది. పక్కనే మరొకటి.

"అదేంటి సార్, వంతెన ఖాళీ అవుతుంటే చుక్కలు పెరుగుతున్నాయి?" అమ్మాయి తెల్లబోయింది.

"అంత అధ్వానంగా కట్టాడన్నమాట! మీరు జరగండమ్మా, వెనకవాళ్లకి చోటివ్వండి."

బావమరిది ఎప్పుడు దిగాడో, బురదలో నిలబడి అక్కని పిలుస్తున్నాడు. "అక్కా, ఒక్కసారి కిందికి రా. చిన్న మాట."

"ఈ బురదలోకా? ఇక్కడ భద్రంగా కూర్చున్నాను కదరా!"

"పోనీ బావనైనా పంపు."

"నా మొహం చూడ్డానికి సిగ్గేసి దిగిపోయాడు," అన్నాడు చీఫ్.

ఆఖరి మనిషి కూడా వంతెన దిగి వేదికెక్కాడు. తమ ప్రాణాలు కాపాడినందుకు జనం చీఫ్‌ని భుజాలకెత్తుకుని గంతులేశారు. తెరంతా ఎర్రబారింది.

అంత ఎత్తెక్కి బోల్టు బోల్టుకీ ఎవడు తగిలిస్తాడులే అని, బావమరిది మనుషులు ఆ సెన్సర్లన్నిటినీ వేదిక కింది ఇనుప కాళ్లకే బిగించి చేతులు దులుపుకున్నారు.